రాజమణి నేర్చుకున్న మాటలు

2022 జూన్. వానలు ఇంకా మొదలు కాలేదు. మా జిల్లాలోని ఒక చిన్న మేజిస్ట్రేట్ కోర్టు హాల్లో రెండు ఫ్యాన్లు తిరుగుతున్నా నల్లకోటు లోపల చొక్కా వీపుకు అతుక్కుపోతోంది. అప్పటికి నేను జగిత్యాలలో వకీలుగా పని మొదలుపెట్టి ఇరవై రెండేళ్లు. క్రిమినల్ కేసులే ఎక్కువ, అందులోనూ ముద్దాయిల తరఫునే ఎక్కువ. "తప్పు చేసినవాళ్ల పక్కన నిలబడతారు కదా, మనసుకు ఎట్లా ఉంటుంది?" అని చుట్టాలు అడిగితే చెప్పడానికి నా దగ్గర ఒక జవాబు తయారుగా ఉండేది. నేరం రుజువు చేయడం వాళ్ల పని, రుజువు కాలేదని చూపించడం నా పని. ఆ జవాబు ఇప్పటికీ తప్పు కాదు. కానీ ఈ కేసు తర్వాత దాన్ని అంత తేలిగ్గా చెప్పలేకపోతున్నాను. పేర్లు, కొన్ని గుర్తులు మార్చి రాస్తున్నాను.

నా క్లయింటు కోరుట్ల అవతల ఒక రైస్‌మిల్లు యజమాని. మా నాన్న కాలం నుంచి రాకపోకలున్న కుటుంబం. 2018 చివర్లో, వానాకాలం వడ్లు మిల్లుకు చేరే రోజుల్లో, అక్కడ గంగవ్వ అనే కూలి మనిషి చనిపోయింది. నలభై అయిదేళ్లుంటాయి. మిషన్ల కింద రాలిన తవుడు, నూకలు ఊడ్చే పని ఆమెది. ఊడుస్తుండగా తలకు చుట్టుకున్న తువాలు కొస బెల్టుకూ పుల్లీకీ మధ్య చిక్కింది. మిషన్ ఆపేలోపే ప్రాణం పోయింది.

అట్లాంటి బెల్టుకు అడ్డంగా ఇనుప జాలీ బిగించి ఉండాలి. ఆ రోజు జాలీ ఉందా, లేదా? కేసంతా ఈ ఒక్క ప్రశ్న మీదే నిలబడింది. లేకపోతే యజమాని నిర్లక్ష్యం వల్ల మనిషి చనిపోయినట్టు. ఉంటే అది ప్రమాదం. పోలీసులు పంచనామా రాసే సమయానికి జాలీ బిగించే ఉంది. అంతకుముందు సంగతి చెప్పగలిగినవాళ్లు అక్కడ పనిచేసే ముగ్గురు కూలీలు.

వాళ్లలో ఇద్దరు కోర్టులో "మాకేం తెల్వది, మేం చూడలె" అన్నారు. దీన్ని మేము సాక్షి హోస్టైల్ అయ్యాడు అంటాం, అంటే పిలిపించిన పక్షానికే ఎదురుతిరిగాడని. వాళ్లిద్దరూ అప్పటికీ ఆ మిల్లులోనే పనిచేస్తున్నారు. ఇక మిగిలింది రాజమణి. ముప్పై రెండేళ్ల మనిషి. గంగవ్వది, ఆమెది ఒకే వాడ. కొత్త కోడలిగా వచ్చినప్పుడు ఆమెను మిల్లు పనికి వెంటబెట్టుకొని పోయింది గంగవ్వే. గంగవ్వ పోయిన తర్వాత రాజమణి మళ్లీ మిల్లు గడప తొక్కలేదు. ఇంట్లో బీడీలు చేసుకుంటోంది.

"అదేం మాట్లాడ్తది సార్," అన్నాడు నా క్లయింటు, ఆమె సాక్ష్యానికి ముందురోజు. "దాని నోట్ల నాలుకె ఉండది. గట్టిగ రెండు మాటలడిగితె ఏడుస్తది."

అంతకు మించి ఆయన నాకేం చెప్పాడన్నది నేను రాయకూడదు. మా వృత్తి నియమం అది. క్లయింటు వకీలుకు చెప్పుకున్నది వకీలుతోనే పోవాలి. ఒక్కటి మాత్రం చెప్పుకోగలను. మర్నాడు నేను కోర్టుకు బయలుదేరేటప్పుడు, రాజమణి అబద్ధం చెప్పడానికి వస్తోందని నేను అనుకోలేదు.

రాజమణి బోనులోకి వచ్చింది. సన్నగా, నల్లగా ఉంది. ఇస్త్రీ చేసిన నేత చీర. ప్రాసిక్యూటర్ గారు మొదట అడిగే ప్రశ్నలను చీఫ్ అంటారు. ఆయన ఫైలు తిరగేస్తూ, "ఆ రోజు ఏం జరిగిందమ్మా?" అన్నారు. ఆయన బల్ల మీద ఇంకా ఏడు ఫైళ్లున్నాయి.

ఏడుస్తుందనే నేను ఎదురుచూశాను. ఆమె ఏడవలేదు.

"బెల్టుకు, పుల్లీకి అడ్డంగ ఇనుప జాలీ ఉండాలె సార్. మూడు దినాల ముంగట రిపేరుకని ఇప్పిండ్రు, మల్ల బిగియ్యలె. గంగవ్వ ఒకసారి అడిగింది, నేను ఒకసారి అడిగిన. సీజన్ అయినంక జూద్దాం అన్నరు. గా దినం పొద్దుగాల పదింటికి మేమిద్దరం గక్కడ ఊడుస్తున్నం. నేను నాలుగడుగుల దూరంల ఉన్న. తువాల కొస పోయింది, తువాలెంట తల పోయింది. మిషన్ బందు జేసే బటన్ గోడకు అవుతల దిక్కున్నది, మాకు అందది. నేను ఉరికిన. నేను ఉరికి అచ్చేటాలకు అయిపోయింది."

ఊపిరి తీసుకొని మళ్లీ అంది: "దాన్ని ప్రమాదం అన్నరు. ప్రమాదం అంటె ఎవ్వలు ఆపలేనిది. గిది ఆపగలిగినది. ఆపగలిగి ఆపకుంటె దాన్ని నిర్లక్ష్యం అంటరు సార్."

మేజిస్ట్రేట్ గారు రాస్తున్న కలం ఆపి తలెత్తి చూశారు. నా వెనక కూర్చున్న క్లయింటు కుర్చీ కిర్రుమంది. ఇన్నేళ్లలో నేను ఎందరో సాక్షులను చూశాను. చదువుకున్నవాళ్లు కూడా ఆ బోనులో తడబడతారు, ఎక్కడో మొదలుపెట్టి ఎక్కడో తేలతారు. ఇంత వరసగా, ఒక్క మాట ఎక్కువ తక్కువ కాకుండా చెప్పినవాళ్లు చాలా తక్కువ.

భోజనం గంటలో నేను అన్నం ముట్టలేదు. 2018లో పోలీసులు రాసుకున్న ఆమె వాంగ్మూలం మళ్లీ తీశాను. మూడే మూడు వాక్యాలు. "గంగవ్వ ఊడుస్తుండగా తువాలు బెల్టులో చిక్కుకొని ప్రమాదవశాత్తు మరణించినది. అప్పుడు నేను పక్కనే ఉన్నాను. నేను చూసినాను." జాలీ ఊసు లేదు. యజమానిని అడిగిన సంగతి లేదు.

ముందు పోలీసులకు చెప్పని ముఖ్యమైన విషయం సాక్షి తర్వాత కోర్టులో కొత్తగా చెబితే దాన్ని మా భాషలో ఇంప్రూవ్‌మెంట్ అంటాం. బయట ఆ మాటకు బాగుపడటం అని అర్థం. కోర్టులో అది సాక్షికి చేటు. మధ్యలో ఎవరో నేర్పించారనీ, కథ పెంచారనీ అనుమానించడానికి దారి దొరుకుతుంది. ఆ మూడు వాక్యాల కింద ఎర్ర గీతలు గీసుకొని హాల్లోకి పోయాను.

క్రాస్ మొదలైంది. ఎదుటి పక్షం వకీలు సాక్షిని అడిగే ప్రశ్నలవి.

"ఏం చదువుకున్నావు రాజమణీ?"

"ఏడో తరగతి దాక పోయిన సార్."

"పోలీసులు నిన్ను అడిగి రాసుకున్నారు, చదివి వినిపించారు. నిజమేనా?"

"నిజమే."

"జాలీ విప్పేశారని అప్పుడు చెప్పావా?"

"చెప్పలె సార్. గప్పుడు నాకు..."

"చెప్పావా, చెప్పలేదా? అంతవరకు చాలు."

"చెప్పలె."

"యజమానిని అడిగామని చెప్పావా?"

"చెప్పలె."

"గంగవ్వ ప్రమాదవశాత్తు చనిపోయిందని వాళ్లు చదివి వినిపిస్తే అవునన్నావా?"

"అన్న. గని గా మాటకు అర్థం నాకు గప్పుడు తెల్వది సార్."

వెనక బెంచీలో ఎవరో నవ్వారు. నేను నవ్వు ఆగేదాకా ఆగాను. ఆ నవ్వు నాకు పనికొస్తుందని తెలుసు.

"మరి ఇప్పుడు ఎట్లా తెలిసింది? ఎవరు నేర్పారు?"

"ఎవ్వలు నేర్పలె. చదివి తెలుసుకున్న."

జవాబు తెలియని ప్రశ్న క్రాస్‌లో అడగకూడదని మా సీనియర్ నాకు మొదటి రోజే చెప్పారు. ఆ రోజు అడిగాను. "ఏం చదివావు?"

ఆమె ముఖంలో మొదటిసారి కొంచెం వెలుగు కనబడింది. ఆ ప్రశ్న ఎవరైనా అడగాలని ఎదురుచూసినట్టుంది. "మొదలు పేపరు చదివిన సార్. అటెన్క పంటల పుస్తకాలు, రోగాల పుస్తకాలు, కథలు, నవలలు. రాజ్యాంగం మీద పిల్లలకు రాసింది ఒకటి చదివిన. ఊర్లు తిరిగినోళ్లు రాసుకున్నయి చదివిన. కార్ఖానాలల్ల పని చేసెటోళ్ల రక్షణ గురించి ఒక చిన్న పుస్తకం దొరికింది. గది నాలుగుసార్లు చదివిన."

నాకు కావలసింది దొరికింది.

"అంటే బెల్టుకు జాలీ ఉండాలనీ, లేకపోతే నిర్లక్ష్యమనీ ఆ పుస్తకం చదివి తెలుసుకున్నావు?"

"ఔ సార్. గని జాలీ లేకుండె అన్నది కండ్లతోని చూసిన. దాన్ని ఏమంటరో పుస్తకంల దొరికింది."

"జాలీ గురించి, నిర్లక్ష్యం గురించి పుస్తకం చదివి తెలుసుకున్న మాట నిజమే" అని నేను అడిగినంతవరకు రికార్డయింది. మిగతా సగాన్ని ప్రాసిక్యూటర్ గారు తిరిగి అడిగి రాయించుకోవచ్చు. ఆయన అడగలేదు.

చివరికి మా పద్ధతి ప్రకారం ఒక సజెషన్ వేయాలి, అంటే మా పక్షం వాదన సాక్షి ముఖం మీదే చెప్పి ఒప్పుకుంటావా అని అడగాలి. "ఈ మాటలు నీవి కావు. మిల్లు మీద కోపం ఉన్నవాళ్లెవరో నీకు నేర్పి పంపారు."

"ఎవ్వల మాటలైనా నేర్చుకున్నయే కద సార్. మీయి గుడ," అంది.

నేను మేజిస్ట్రేట్ గారి వైపు తిరిగి, "సాక్షి అడిగినదానికి జవాబు చెప్పడం లేదు" అన్నాను. నా సజెషన్‌ను ఆమె ఒప్పుకోలేదన్న అర్థంలో ఆయన 'నిజం కాదు' అని ఒక్క ముక్క రాసుకున్నారు. ఆమెను దిగిపొమ్మన్నారు.

ఇక్కడ నా గురించి ఒక మాట చెప్పాలి. మాది గొల్లపల్లి దిక్కు భూములున్న కుటుంబం. నా చిన్నప్పుడు రాజమణి లాంటివాళ్లు మా వాకిట్లోకి వచ్చి, తల దించుకొని, సగం మాట మింగి చెప్పేవాళ్లు. ఆ మింగిన సగం మాట మేమే పూర్తిచేసేవాళ్లం. అట్లాంటి మనిషి తల ఎత్తి, పూర్తి వాక్యం తానే చెబితే వినేవాళ్లకు అది సహజంగా అనిపించదని నాకు తెలుసు. చట్టం కంటే ముందు ఆ సంగతినే నేను వాడుకున్నాను.

సెప్టెంబర్‌లో తీర్పు వచ్చింది. ఏకైక సాక్షి చెప్పినదాంట్లో ఇంప్రూవ్‌మెంట్లు ఉన్నందున సంశయ లాభం, అంటే అనుమానం మిగిలినప్పుడు ముద్దాయికి దక్కే మేలు, మావాడికి దక్కింది. కేసు కొట్టేశారు. రాజమణి ఆ రోజు కూడా వచ్చింది. వరండాలో నేను కోటు విప్పుతుంటే దగ్గరికి వచ్చి నిలబడింది.

"సార్, గా ఇంప్రూవ్‌మెంట్ అంటె ఏంది?"

"ముందు చెప్పనిది తర్వాత చెప్పడం."

"మొదలు మాట రాకుండె, అటెన్క అచ్చింది. రాంగనె చెప్పిన. గది తప్పా?"

క్లయింటు తమ్ముడు కారు తలుపు తీసి పిలుస్తున్నాడు. నేను పోయి కారెక్కాను.

దాదాపు ఏడాది పాటు ఆ క్రాస్‌ను నేను నా జూనియర్లకు పాఠంగా చెప్పాను. సాక్షి ఎంత బాగా మాట్లాడితే అంత లోతుగా తవ్వాలి అనేవాణ్ణి. బార్ రూంలో టీ తాగుతూ కూడా ఒకటి రెండుసార్లు చెప్పాను. అందరూ మెచ్చుకున్నారు.

మరుసటి ఏడు వానాకాలంలో ఒక భూమి పంపకాల దావాలో పాత పేపరు ప్రకటన ఒకటి కావలసివచ్చింది. కోరుట్ల గ్రంథాలయంలో పాత పేపర్ల కట్టలు ఉంటాయేమోనని పోయాను. లోపల నలుగురైదుగురు పోటీ పరీక్షల పిల్లలు తప్ప ఎవరూ లేరు. లైబ్రేరియన్ రిటైర్మెంట్‌కు దగ్గరపడ్డ మనిషి. నాతో పాటే నేల మీద కూర్చొని కట్టలు విప్పాడు. మాటల్లో నేను వకీలునని తెలిసింది.

"జగిత్యాల వకీలు సారా? మా రాజమణి కేసుల అవుతలి వకీలు ఎవరో మీకు ఎరుకేనా సార్?"

"ఎరుకే," అన్నాను. అంతకు మించి చెప్పే ధైర్యం రాలేదు.

ఆయన లేచి పోయి పుస్తకాలు ఇచ్చే రిజిస్టర్లు తెచ్చాడు. నేను అడగలేదు. ఎవరికో ఒకరికి చూపించాలని ఆయనకే ఉన్నట్టుంది. 2019 మొదట్లో ఆమె పేరు మొదటిసారి కనబడింది. అక్కడి నుంచి వారానికి ఒకటి, తర్వాత రెండు. కరోనా కాలంలో గ్రంథాలయం మూసినప్పుడు ఆయనే సంచిలో నాలుగు పుస్తకాలు వేసి వాళ్ల వాడలో ఇచ్చి వచ్చేవాడట.

"మొదట్ల పేపరు ముంగట వేసుకొని ఒక్కో మాట మీద వేలు పెట్టి, గిదేంది సార్, గిదేంది సార్ అని నా పాణం తీసేది," అన్నాడు నవ్వి. "ఒక నోటుబుక్కు పెట్టింది. గీ దిక్కు పుస్తకం మాట, గా దిక్కు ఇంట్ల మాట. రెండేండ్లల్ల అది నన్నే అడిగెటట్టు అయింది, గీ పుస్తకం మీరు చదవలేదా సార్ అని. ఇంటికాడ బీడీలు చేసెటోళ్లను చుట్టు కూసోవెట్టుకొని చదివి వినిపించేది. వాళ్ల చేతులు బీడీల మీద, చెవులు దాని మీద."

ఆయన చెప్పుకుంటూ పోయాడు. మొదట్లో రాజమణి దుకాణంలో చిల్లర తక్కువిచ్చినా అడగలేకపోయేదట. తర్వాత బడి మీటింగులో లేచి, పిల్లలకు తాగే నీళ్లు ఎందుకు లేవని హెడ్‌మాస్టరునే అడిగిందట. దవాఖానకు పోయే ముసలివాళ్లు ఆమెను తోడు తీసుకుపోయేవాళ్లు, డాక్టరుతో మాట్లాడటానికి. మహిళా సంఘం వాళ్లు బ్యాంకుకు పోతే ముందు ఆమెనే నిలబెట్టేవాళ్లు. గొంతు పెంచేది కాదు, నిమ్మళంగా అడిగేది. అడిగినదానికి జవాబు వచ్చేదాకా కదిలేది కాదు.

"ఇప్పుడు వస్తోందా?"

ఆయన రిజిస్టరు మూశాడు. "తీర్పు అచ్చినంక నెలకోసారి అచ్చింది. అటెన్క అదీ లేదు. కోర్టుల దొరికిపోయింది, ఎవ్వలో నేర్పిచ్చి పంపిండ్రట అని వాడల మాట పుట్టింది. సంఘపోళ్లు గుడ ఇప్పుడు వేరేటామెను తీస్కపోతున్నరు. నోటుబుక్కు నాకు ఇచ్చిపోయింది. సిరిసిల్లల బట్టలు కుట్టే పనికి పోయిందంటున్నరు."

నాకు కావలసిన ప్రకటన దొరకలేదు. బస్సులో జగిత్యాలకు వస్తుంటే వరండాలో ఆమె అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది. గది తప్పా? ఆ తర్వాత నా జూనియర్లకు ఆ కథ చెప్పడం మానేశాను. మానేయడం తప్ప మరేమీ చేయలేదు కూడా.

2024లో సిరిసిల్లలో ఆడవాళ్లు పనిచేసే ఒక కుట్టు షెడ్డులో చట్టాల మీద అవగాహన సదస్సు పెట్టారు. మాట్లాడటానికి వచ్చిన ముగ్గురు వకీళ్లలో నేను ఒకణ్ణి. అరగంట చెప్పి, "ఏమైనా అడగాలనుకుంటే అడగండి" అన్నాను. ఎవరూ నోరు విప్పలేదు. మూడో వరసలో ఒక చిన్నపిల్ల పక్కనున్నామె మోచేతిని కదిపి, "నువ్వడుగక్కా" అంది. ఆమె తల అడ్డంగా ఊపింది. అప్పుడు చూశాను. రాజమణి.

అందరూ లేచాక దగ్గరికి పోయాను. నన్ను గుర్తుపట్టింది. వెళ్లిపోతుందనుకున్నాను, పోలేదు. మిషన్ పక్కన దారాల డబ్బా జరిపి స్టూలు చూపించింది.

"బాగున్నవా?" అన్నాను.

"ఉన్న సార్."

"కోరుట్ల లైబ్రరీకి పోయిన. ఆయన అంతా చెప్పిండు. ఇక్కడ చదువుతున్నవా?"

"బందు పెట్టిన."

"ఎందుకు?"

ఆమె చేతిలోని బట్ట మడత సరిచేసుకుంటూ చెప్పింది. "గంగవ్వ సచ్చిన దినం పోలీసాయన రాసింది చదివి వినిపిచ్చిండు. ప్రమాదవశాత్తు అన్నడు. గంత పెద్ద మాట, మంచిదే కావచ్చనుకున్న. ఔ అని తలకాయ ఊపిన. నెల దినాలైనంక లైబ్రరీ సారును అడిగితె అర్థం చెప్పిండు. గా రాత్రి అన్నం తినలె సార్. తెల్వని మాటకు తలకాయ ఊపి, మిల్లోళ్ల తప్పేం లేదని నేనే చెప్పినట్టయింది అనిపిచ్చింది. ఇగ తెల్వని మాట ఒక్కటి గుడ ఉండద్దని చదువుడు షురూ చేసిన."

"ఒకటి అడుగుత, నిజం చెప్పుండ్రి," అంది. "నేను గా దినం ఏమి చదవకుంట అచ్చి, బోనుల నిలబడి, మాట రాక ఏడిస్తె నమ్ముతుండిరా?"

అడిగింది వృత్తి సంగతి. నాకు జవాబు తెలుసు. "నమ్మేటోళ్లు కావచ్చు," అన్నాను.

"నాకు గుడ గట్లనే అనిపిచ్చింది. ఏడ్చినోళ్లది నిజం, మాట్లాడినోళ్లది నేర్పింది."

నేను తప్పు చేశానని చెప్పాను. ఏ మాటలతో చెప్పానో ఇప్పుడు గుర్తులేదు, తడబడ్డాను. ఆమె మధ్యలోనే ఆపింది.

"నాకెందుకు సార్. గంగవ్వకు ఒక బిడ్డ ఉన్నది, స్రవంతి. మెట్‌పల్లిల మందుల దుకాణంల పని చేస్తది. తల్లి ఎట్ల సచ్చిందో నేను చెప్పిన. కోర్టే నమ్మలేదు కద పిన్నీ అన్నది. నాతోని మాటలు బందు వెట్టింది. చెప్తె గా పిల్లకు చెప్పుండ్రి. మీరు చెప్తె నమ్ముతది."

చివరి మాటలో వెటకారం లేదు. ఉన్న సంగతి చెప్పింది, అంతే.

మెట్‌పల్లికి పోవడానికి నాకు రెండు నెలలు పట్టింది. పని ఉందని కాదు. ఏం చెప్పాలో తెలియక. క్లయింటు రహస్యం బయటపెట్టకూడదు, పెట్టకుండా నిజం ఎట్లా చెప్పాలి? ఇరవై ఏళ్లకు పైగా మాటలతోనే బతికినవాణ్ణి, ఒక ఇరవై ఒక్కేళ్ల పిల్లకు చెప్పవలసిన నాలుగు వాక్యాలు కూర్చుకోలేక కాగితం మీద రాసి చింపాను.

మధ్యాహ్నం దుకాణంలో గిరాకీ లేని సమయంలో పోయాను. స్రవంతి కౌంటరు వెనక మందుల పెట్టెలు సర్దుతోంది. నేనెవరో చెప్పాను. ఆమె చేతిలోని పెట్టె కౌంటరు మీద పెట్టింది. బయటికి వచ్చి మెట్ల మీద నిలబడింది.

"మిల్లు యజమాని నాకేం చెప్పిండో నేను చెప్పరాదు, చెప్పను," అన్నాను. "నేనేం చేసిననో చెప్తా. రాజమణి అబద్ధం చెప్పిందని నేను ఒక్కరోజు కూడ అనుకోలేదమ్మా. ఆమె మాట ఎవరో నేర్పిన మాటలాగ కనబడేటట్టు చేసింది నేను. ఆమెకు ఎవ్వరూ నేర్పలేదు. మీ అమ్మ కోసం ఆమె సొంతంగా నేర్చుకున్నది."

స్రవంతి రోడ్డు దిక్కు తిరిగింది.

"నేను గుడ గట్లనే అనుకున్న సార్," అంది. "పిన్ని ముందుగాల గట్ల మాట్లాడకపోవు. మా వాడల ఎవ్వలు గట్ల మాట్లాడరు. గంత మంచిగ చెప్తుంటె, గిది పిన్ని మాట కాదు, ఎవ్వలో నేర్పిచ్చిండ్రనుకున్న." నా దిక్కు తిరిగింది. "ఇప్పుడెందుకు చెప్తున్నరు సార్? మా అమ్మ పోయి ఆరేండ్లాయె. కేసు అయిపాయె. పిన్ని ఊరిడిచి పోయె. ఇప్పుడు చెప్పి ఏం జేస్తరు?"

ఒక ముసలాయన చీటీ పట్టుకొని వచ్చాడు. స్రవంతి కళ్లు తుడుచుకొని లోపలికి పోయి ఆయన మందులు తీసి, ఏది పొద్దున, ఏది రాత్రి అని విప్పి చెప్పింది. ఆయన పోయాక పిన్ని ఎక్కడుందని అడిగింది. సిరిసిల్ల షెడ్డు అడ్రసు రాసిచ్చాను. పోయిందో లేదో నాకు తెలియదు. కనుక్కునే హక్కు నాకు లేదనిపించి ఊరుకున్నాను.

ఈ కేసు ఏం నేర్పిందని ఇప్పుడు జూనియర్లు అడుగుతుంటారు. పుస్తకాలు చదివితే మాట వస్తుంది, మాటతో ధైర్యం వస్తుంది అని బళ్లలో, సభల్లో మేమంతా చెబుతుంటాం. నిజమే, రాజమణికి వచ్చింది. కానీ వచ్చిన మాటను వినడానికి ఎదుటివాళ్లు కూడా ఎంతో కొంత మారాలని ఎవరూ చెప్పరు. నాకు కూడా ఎవరూ చెప్పలేదు. ఇరవై రెండేళ్లలో నేను చట్టం పుస్తకాలు తప్ప మరొకటి తెరవలేదు. ఆమె నాలుగేళ్లలో నాకంటే ఎక్కువ లోకాన్ని చదివింది. ఆ రోజు ఆ హాల్లో సరిగ్గా చదువుకున్న మనిషి ఆమె ఒక్కతే అయ్యుండవచ్చు. ఆ చదువునే నేను ఆమె మీద నేరంగా మోపాను.

పనిలో ఒకటి మారింది. నువ్వు చూసింది చెప్పు అని సాక్షిని అడుగుతాను, ఎంత గట్టిగానైనా అడుగుతాను. ఆ మాట నీకు ఎవరు నేర్పారని మాత్రం ఇప్పుడు అడగను. ఆ ఒక్క ప్రశ్న అడగనందుకు పోయిన ఏడు ఒక కేసు ఓడిపోయాను. క్లయింటు ఫైలు తీసుకొని వేరే వకీలు దగ్గరికి పోయాడు. ఆయనను తప్పు పట్టను. కోర్టులో ఆ ప్రశ్న ఇప్పటికీ బాగా పనిచేస్తుంది.